రెండు కాగితాల మధ్య దొరికే వార్త

2003 నవంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక ఇల్లు 16 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అమ్మింది ప్రతినిధుల సభ సభ్యుడు రాండీ కన్నింగ్‌హామ్. రక్షణ శాఖకు నిధులు కేటాయించే ఉపసంఘంలో ఆయన సభ్యుడు. కొన్న సంస్థ పేరు కాస్త వింతగా ఉంది: '1523 న్యూ హాంప్‌షైర్ అవెన్యూ'. కొన్న కొద్ది వారాలకే ఆ సంస్థ ఇంటిని మళ్లీ అమ్మకానికి పెట్టింది. నెలల తరబడి బేరం కుదరలేదు. చివరికి 9 లక్షల 75 వేల డాలర్లకు వదిలించుకుంది. అంటే ఏడు లక్షల డాలర్ల నష్టం. అప్పట్లో ఆ ప్రాంతంలో ఇళ్ల ధరలు ఏటికేడు ఎగబాకుతున్నాయి.

ఇందులో రహస్యం ఏమీ లేదు. అమ్మకాలు రెండూ స్థిరాస్తి రిజిస్టర్లలో నమోదై ఉన్నాయి. కోప్లీ న్యూస్ సర్వీస్ విలేకరి మార్కస్ స్టెర్న్ వాటిని తిరగేసే దాకా ఎవరూ పట్టించుకోలేదు, అంతే. ధరల తేడా కన్ను పడగానే ఆయన అడిగిన రెండో ప్రశ్న అసలు దారి చూపింది: నష్టపోయింది ఎవరు? సంస్థ పేరే ఒక చిరునామా. వాషింగ్టన్‌లోని ఆ చిరునామాలో ఎంజెడ్ఎం అనే రక్షణ గుత్తేదారు సంస్థ కార్యాలయం ఉంది. దాని యజమాని మిచెల్ వేడ్. ఆ సంస్థకు అందిన ప్రభుత్వ కాంట్రాక్టుల లెక్కలు చూస్తే, ఇల్లు చేతులు మారిన కాలంలోనే అవి వేగంగా పెరిగాయి. 2005 జూన్ 12న కథనం వెలువడింది. అదే ఏడాది నవంబరులో కన్నింగ్‌హామ్ లంచం తీసుకున్నట్టు కోర్టులో ఒప్పుకుని పదవికి రాజీనామా చేశారు. 2006 మార్చిలో ఎనిమిదేళ్ల నాలుగు నెలల జైలు శిక్ష పడింది. ఆ కథనాలకు పులిట్జర్ బహుమతి దక్కింది.

రాజకీయ పరిశోధనాత్మక కథనం అనగానే చాలామందికి చీకట్లో కవరు అందించే అజ్ఞాత వ్యక్తి గుర్తొస్తాడు. అలాంటివాళ్లు ఉంటారు, వాళ్ల సాయం లేకుండా వెలుగు చూడని సంగతులూ ఉన్నాయి. కానీ చెప్పుకోదగ్గ కథనాల్లో చాలావాటికి మొదటి పునాది ఎవరైనా వెళ్లి చూడగలిగిన కాగితమే. ఆ కాగితంలో వార్త ముందే రాసిపెట్టి ఉండదు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో 'ఇది లంచం' అని ఎక్కడా లేదు. కాంట్రాక్టుల పట్టికలో ఇంటి ప్రస్తావన లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రమే మూడో సంగతి బయటపడింది. ఈ వృత్తిలో అసలు నైపుణ్యం కాగితం సంపాదించడంలో కంటే, ఏ కాగితం పక్కన ఏ కాగితం పెట్టాలో తెలుసుకోవడంలో ఎక్కువగా ఉంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఆలోచించాలి. ప్రతి రికార్డునూ ఎవరో ఒకరు తమ పని కోసం రాస్తారు. రిజిస్ట్రార్‌కు స్టాంపు సుంకం కావాలి. పన్ను అధికారికి ఆదాయం లెక్క కావాలి. చట్టసభ కార్యాలయానికి బిల్లులు సరిచూసుకుని డబ్బు చెల్లించడం కావాలి. ఒక నాయకుడు వీటిలో ఏదో ఒకదాన్ని తనకు అనుకూలంగా నింపగలడు. అన్నింటినీ ఒకదానితో ఒకటి పొసిగేలా నింపడం కష్టం. ఒకచోట ఆస్తి తక్కువగా చూపడం లాభం, మరోచోట అదే ఆస్తిని పూచీకత్తుగా పెట్టి అప్పు తీసుకోవడానికి ఎక్కువగా చూపడం లాభం. లాభాలు ఎదురుబొదురైన చోట కాగితాలు ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. విలేకరి వెతకాల్సింది ఆ చోటు కోసమే.

ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు కూడా ఇలా అడ్డం తిరగవచ్చు. 1957 సెప్టెంబరు 19న అమెరికా నెవాడాలో, పేలుడు పూర్తిగా భూమిలోపలే ఇమిడిపోయిన తన తొలి భూగర్భ అణుపరీక్ష జరిపింది. దాని ప్రకంపనలు సుమారు రెండు వందల మైళ్లకు మించి అందలేదని అణుశక్తి సంఘం ఆ తర్వాత ప్రకటించింది. అందులో పెద్ద రాజకీయం ఉంది. దూరం నుంచి పసిగట్టలేకపోతే పరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరూ అమలు చేయించలేరు, కాబట్టి అలాంటి ఒప్పందం వద్దనేవారికి ఆ అంకె ఆయుధం అవుతుంది. సొంతంగా చిన్న వారపత్రిక నడుపుకుంటున్న ఐ.ఎఫ్. స్టోన్, పరీక్ష జరిగిన మర్నాడు పత్రికల్లో దూరదేశాల నుంచి వచ్చిన రెండు మూడు వాక్యాల వార్తలను దాచిపెట్టుకున్నాడు. తమ పరికరాలకు ప్రకంపనలు అందాయని వాటిలో ఉంది. ఆయన అణుశక్తి సంఘంతో వాదనకు దిగలేదు. భూకంపాలను నమోదు చేసే వేరే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి శాస్త్రవేత్తలకు ఈ రాజకీయంతో పని లేదు. ప్రకంపనలు నమోదైన కేంద్రాల జాబితా చేతికిచ్చారు. అందులో రెండు వేల మైళ్లకు పైగా దూరంలో ఉన్న అలాస్కా కూడా ఉంది. సంఘం తన ప్రకటనను సవరించుకోక తప్పలేదు.

స్టోన్ చేసినదాంట్లో ఒక మెలకువ ఉంది. అబద్ధం చెప్పడానికి కారణం ఉన్న శాఖను వదిలి, అదే సంగతి తెలిసి ఉండీ దాచాల్సిన అవసరం లేని శాఖను వెతుక్కున్నాడు. రాజకీయ కథనాల మీద పనిచేసే ఎవరికైనా ఈ పద్ధతి నేటికీ చక్కగా ఉపయోగపడుతుంది.

రాజకీయ నాయకుల విషయానికొస్తే, వాళ్లు వదిలే కాగితాల జాడ సామాన్యుడి కంటే చాలా పెద్దది. ఆస్తుల ప్రకటనలు, ఎన్నికల ఖర్చుల లెక్కలు, పార్టీలకు విరాళాల నివేదికలు, ప్రయాణ బిల్లులు, చట్టసభ చర్చల ప్రతులు, ఓట్ల నమోదు, టెండరు పత్రాలు, కంపెనీల రిజిస్టరు, కోర్టు అభియోగపత్రాలు, ఆడిట్ నివేదికలు, గెజిట్. వీటన్నింటి గురించీ విడివిడిగా చెప్పనక్కర్లేదు. భారతదేశంలో అన్నింటికంటే విలువైనది బహుశా అభ్యర్థి ప్రమాణపత్రం. పోటీచేసేవారి నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసు అది. దాన్ని నీరుగార్చేందుకు తెచ్చిన చట్ట సవరణను 2003 మార్చిలో అదే కోర్టు కొట్టేసింది. అప్పటినుంచి నామినేషన్‌తో పాటు ఈ వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయడం తప్పనిసరి అయింది. ఇప్పుడది ఫారం 26 రూపంలో ఉంటుంది.

ఎన్నికల సీజన్లో ఈ అఫిడవిట్ల మీద వచ్చే వార్తలు ఎక్కువగా ఒకే మూసలో ఉంటాయి: ఫలానా అభ్యర్థికి ఇన్ని కోట్లు, ఇన్ని కేసులు, సొంత కారు లేదు. అందులో పరిశోధన లేదు, నకలు రాయడమే ఉంది. అఫిడవిట్‌ను ఉపయోగించే తీరు వేరు. ఒకే వ్యక్తి వరుసగా మూడు నాలుగు ఎన్నికల్లో ఇచ్చిన పత్రాలను పక్కపక్కన పరచాలి. క్రితంసారి ఉన్న సర్వే నంబరు ఈసారి కనబడకపోతే ఆ భూమి ఎవరికి వెళ్లింది? భూమి రికార్డులు చెబుతాయి. భార్య పేరిట కొత్తగా వాటాలు కనిపిస్తే ఆ కంపెనీ డైరెక్టర్లు ఎవరు? కంపెనీల రిజిస్టరు చెబుతుంది. ఆ కంపెనీ ఏ శాఖ దగ్గర పని దక్కించుకుంది? టెండర్ల పోర్టల్ చెబుతుంది. ఆ రోజుల్లో ఆ శాఖ ఎవరి చేతిలో ఉంది? ఇది అందరికీ తెలిసిన సంగతే. నాలుగు మెట్లూ నాలుగు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఏ ఒక్కచోట అడిగినా పూర్తి జవాబు రాదు. పైగా ఈ దారి చాలాసార్లు ఏమీ లేని చోటికి చేరుతుంది. భూమిని మామూలుగానే అమ్మి ఉండవచ్చు, కంపెనీ ఏ పనీ చేయకుండా మూతపడి ఉండవచ్చు. అప్పుడు కథనం లేదు. ఆ మాట ఒప్పుకుని కాగితాలను పక్కన పెట్టగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే.

కాగితాలను కలిపే దారాల్లో అన్నింటికంటే గట్టిది తేదీ. మొత్తాల విషయంలో వాదించవచ్చు, ఉద్దేశాల విషయంలో ఇంకా వాదించవచ్చు. తేదీని మార్చడం కష్టం. అనుభవమున్న విలేకరులు ఏ కథనానికైనా ముందు కాలక్రమ పట్టిక ఒకటి తయారు చేసుకుంటారు. ఒక వరుసలో నాయకుడి పదవులు, పక్క వరుసలో డబ్బు కదలికలు, ఆ పక్కన చట్టాలు, జీవోలు, కోర్టు ఆదేశాలు. 2016లో పనామా పత్రాలు, అంటే విదేశాల్లో కంపెనీలు పెట్టిపెట్టే ఒక పనామా న్యాయసేవల సంస్థ నుంచి లీకైన కాగితాలు, బయటికొచ్చినప్పుడు ఐస్‌లాండ్ ప్రధాని సిగ్ముందూర్ గున్‌లాగ్సన్ కథ ఇలాంటి పట్టికలోనే తేలింది. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఆయనకు, భార్యకు కలిపి విన్‌ట్రిస్ అనే కంపెనీ ఉంది. తన సగం వాటాను ఆయన భార్యకు ఒక్క డాలరుకు అమ్మేశారు. అమ్మిన రోజు 2009 డిసెంబరు 31. అలాంటి వాటాలను వెల్లడించి తీరాలనే కొత్త నిబంధన మర్నాటి నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ అమ్మకం పత్రం లీకైన కాగితమే. కానీ దాన్ని వార్తగా మార్చింది మాత్రం బహిరంగ రికార్డులు: సభ్యులు తమ ఆర్థిక ప్రయోజనాలను వెల్లడించే పార్లమెంటు రిజిస్టరు, చట్టం అమలు తేదీ, 2008లో కుప్పకూలిన ఐస్‌లాండ్ బ్యాంకుల నుంచి డబ్బు రావాల్సిన వారి జాబితాలో విన్‌ట్రిస్ పేరు. లీకు వచ్చాక కూడా బహిరంగ రికార్డు పని అయిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. కథనాలు వెలువడిన రెండు రోజుల్లోనే, ఏప్రిల్ 5న గున్‌లాగ్సన్ ప్రధాని పదవి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

తేదీలతో పాటు మరో దారం ఉంది. అధికారులు తరచూ తెంపేది దాన్నే. రెండు పట్టికలనూ కలిపే ఉమ్మడి గుర్తు, అంటే ఒక సంఖ్య, ఒక చిరునామా, ఒక ఖాతా. అది లేకుండా చేస్తే ఎంత సమాచారం ఇచ్చినా ఏమీ ఇవ్వనట్టే. దీన్ని ఎన్నికల బాండ్ల వ్యవహారం కంటే బాగా చూపించే ఉదాహరణ దొరకదు.

బాండ్ల పథకం 2018లో మొదలైంది. విరాళం ఇవ్వదలచినవారు స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తే, పార్టీ దాన్ని సొమ్ము చేసుకునేది. కొన్నదెవరో, ఏ పార్టీకి ఇచ్చారో బయటికి తెలియదని ప్రభుత్వం చెప్పింది. ఆ ఏప్రిల్‌లో ది క్వింట్ విలేకరి పూనమ్ అగర్వాల్ వెయ్యి రూపాయల బాండ్లు కొని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. మామూలు కంటికి కనిపించని అక్షరాలూ అంకెలూ కలిసిన సంఖ్య ఒకటి అతినీలలోహిత కాంతిలో మెరిసింది. అది భద్రత కోసం ముద్రించినదేనని, కొన్నవారి వివరాలతో గానీ పార్టీ వివరాలతో గానీ జతపరిచి దాన్ని ఎక్కడా నమోదు చేయడం లేదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పథకాన్ని రద్దు చేసి, 2019 ఏప్రిల్ 12 నుంచి జరిగిన కొనుగోళ్ల వివరాలు బయటపెట్టమంది. వివరాలను సరిపోల్చడానికి జూన్ 30 దాకా సమయం కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న ఎన్నికల సంఘం వెబ్‌సైటులో జాబితాలు రెండు ప్రత్యక్షమయ్యాయి. ఒకదానిలో ఎవరు ఏ రోజు ఎంతకు కొన్నారో ఉంది. రెండోదానిలో ఏ పార్టీ ఏ రోజు ఎంత సొమ్ము చేసుకుందో ఉంది. రెండింటినీ కలిపే సంఖ్య మాత్రం లేదు.

ఆ వారం రోజులు దేశంలోని పత్రికలు చేసిన పని గమనించదగ్గది. ఎవరి డబ్బు ఏ పార్టీకి చేరిందో తెలియకపోయినా, కొనుగోలుదారుల జాబితా ఒక్కదాన్నే మరెన్నో రికార్డుల పక్కన పెట్టి చూశారు. ఈడీ, ఆదాయపు పన్ను శాఖ సోదాల తేదీలు, పెద్ద ప్రాజెక్టులు దక్కిన తేదీలు, కంపెనీల రిజిస్టరులోని లాభనష్టాల పట్టికలు. విరాళం లాభం కంటే ఎక్కువగా ఉన్న కంపెనీలు తేలాయి. కంపెనీల విరాళాలపై ఒకప్పుడున్న 7.5 శాతం పరిమితిని 2017 ఆర్థిక చట్టం ఎత్తేయడంతో అది సాధ్యమైంది. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక మార్చి 21న ఆ సంఖ్యలతో సహా పూర్తి జాబితాలు వచ్చాయి. 2018లో అతినీలలోహిత కాంతిలో మెరిసిన సంఖ్యల లాంటివే అవి. దాంతో ఎవరు ఎవరికి ఇచ్చారో కంప్యూటర్ మీద ఎవరైనా సరిపోల్చుకోగలిగారు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. సోదా జరిగిన కొన్నాళ్లకు బాండ్లు కొన్నారన్నది రికార్డు చెప్పే నిజం. సోదా వల్లే కొన్నారన్నది రికార్డు చెప్పదు. మొదటిదాన్ని ధైర్యంగా రాయవచ్చు. రెండోది రాయాలంటే ఇంకేదో చేతిలో ఉండాలి: ఒక ఉత్తరం, ఒక సాక్ష్యం, ఒక ఫైలు నోటు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయాలన్న పిటిషన్లను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మంచి పత్రికలు పాటించిన జాగ్రత్త వాటి కథనాల్లో కనిపిస్తుంది. తేదీలు పక్కపక్కన పెట్టి, కంపెనీ వివరణ జోడించి, అక్కడితో ఆగాయి. శీర్షికలోనే తీర్పు చెప్పేసినవీ ఉన్నాయి, ఆ తొందర కథనానికే చేటు.

కాగితాలను కలిపే దారాన్ని తెంపడం బ్రిటన్‌లోనూ జరిగింది. ఎంపీల ఖర్చుల బిల్లులు ఇవ్వాలని హెదర్ బ్రుక్ అనే పాత్రికేయురాలు సమాచార చట్టం కింద ఏళ్ల తరబడి పోరాడి 2008లో హైకోర్టులో గెలిచారు. పార్లమెంటు వాటిని కొన్ని భాగాలు నల్లరంగు పూసి విడుదల చేసేందుకు సిద్ధపడుతుండగా, చెరపని ప్రతులు డైలీ టెలిగ్రాఫ్ చేతికొచ్చాయి. 2009 మే 8 నుంచి ఆ పత్రిక వాటిని ప్రచురించింది. ఆ తర్వాత అధికారిక ప్రతి కూడా వచ్చింది. రెండింటినీ పోల్చిన పాఠకులకు తెలిసిందేమిటంటే, నల్లరంగు కింద పోయినవాటిలో ఇళ్ల చిరునామాలు ఉన్నాయి. భద్రత కోసమే అన్నారు, ఆ వాదనలో కొంత నిజముంది కూడా. కానీ ఏ ఇంటిని 'రెండో ఇల్లు'గా చూపి ఖర్చులు రాబట్టారో, ఎప్పుడు ఏ ఇంటికి మార్చారో పట్టిచ్చేది ఆ చిరునామాయే. చిరునామా ఉంటేనే భూమి రిజిస్ట్రీలో వెతకగలం. మాజీ మంత్రి ఇలియట్ మోర్లే తన ఇంటి రుణంపై వడ్డీ పేరిట డబ్బు తీసుకుంటూ వచ్చారు. అదే ఇంటి రిజిస్ట్రీ కాగితాలు ఆ రుణం ఎప్పుడో తీరిపోయిందని చెప్పాయి. బిల్లు ఒక్కటే చూస్తే అనుమానించడానికి ఏమీ లేదు. రిజిస్ట్రీ ఒక్కటే చూస్తే అప్పు తీర్చేసిన బాధ్యతగల మనిషి. రెండూ కలిపితే మోసం. 2011లో ఆయనకు 16 నెలల జైలు పడింది.

ప్రభుత్వ కాగితం చూసే హక్కు కొత్తదేమీ కాదు. స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. అమెరికా 1966లో, బ్రిటన్ 2000లో, భారత్ 2005లో ఆ దారి పట్టాయి. గడువులు కాగితం మీద బాగానే ఉంటాయి: భారత్‌లో 30 రోజులు, అమెరికా, బ్రిటన్‌లలో 20 పనిదినాలు. అప్పీళ్లతో అది నెలలు, ఏళ్లు కావడం మామూలే. అందుకే దరఖాస్తు రాయడం దానికదే ఒక విద్య. 'ఫలానా ప్రాజెక్టులో అక్రమాల వివరాలు ఇవ్వండి' అని రాస్తే తిరస్కరించడం చాలా తేలిక, 'అక్రమాలు' అనే పేరుతో ఏ ఆఫీసులోనూ ఫైలు ఉండదు. ఆ ఆఫీసు తన కాగితాలను ఏ పేర్లతో పిలుచుకుంటుందో తెలుసుకుని, ఆ పేర్లతోనే అడగాలి. బిడ్ల తులనాత్మక పట్టిక, సాంకేతిక కమిటీ సమావేశ మినిట్స్, కొలతల పుస్తకం నకలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫైలు కదిలిన రిజిస్టరు. ఆ రిజిస్టరు సంపాదించినవారికి మిగతా దరఖాస్తులు రాసుకోవడం సులువు, ఏ కాగితం ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు ఉందో అదే చెబుతుంది. ఒకే కాగితాన్ని పంపినవారినీ అందుకున్నవారినీ కూడా అడగడం మరో మంచి అలవాటు. ఒకరు లేదంటే రెండోవారి దగ్గర ఉండవచ్చు. ఒకరు లేదని, మరొకరు ఉందని రాతపూర్వకంగా చెబితే అది కూడా రికార్డే.

ఫైలు నోటింగ్స్, అంటే ఫైలు చేతులు మారేటప్పుడు అధికారులు అందులో రాసే అభిప్రాయాలు, వాటి విలువ వేరు. నిర్ణయం జీవోలో కనిపిస్తుంది. దాని వెనక ఎవరు వద్దన్నారో, ఎవరు ఆ అభ్యంతరాన్ని పక్కకు నెట్టారో నోటింగ్స్‌లోనే ఉంటుంది. 2006లో కేంద్రం వీటిని సమాచార హక్కు పరిధి నుంచి తప్పించాలని చూసింది. ప్రజల నుంచి వ్యతిరేకత రావడంతో వెనక్కి తగ్గింది. అప్పుడు తగ్గకపోయి ఉంటే బాండ్ల కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మనకు తెలిసేదే కాదు. విశ్రాంత నౌకాదళ అధికారి లోకేశ్ బత్రా సమాచార హక్కు కింద సంపాదించిన పత్రాల ఆధారంగా 2019 నవంబరులో నితిన్ సేఠీ రాసిన కథనాలు ఆ అధ్యాయాన్ని తెరిచాయి. బడ్జెట్‌కు రెండు రోజుల ముందు, 2017 జనవరి 30న రిజర్వు బ్యాంకు బాండ్ల ప్రతిపాదనపై గట్టి అభ్యంతరాలు రాసి పంపింది. ఆర్థిక బిల్లు అప్పటికే అచ్చయిపోయిందని, సలహా ఆలస్యంగా వచ్చిందని ఫైలులో రాసి, ఆర్థిక శాఖ దాన్ని పక్కన పెట్టింది. పథకాన్ని సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ కూడా ఈ సంగతి తెలియడం అవసరం. అది తెలిసింది ఓపికగా రాసిన దరఖాస్తుల వల్ల.

ఇక తప్పులు. రికార్డు మీద ఆధారపడ్డ కథనం తప్పయితే దాని దెబ్బ మామూలు తప్పు కంటే పెద్దది, పాఠకుడు కాగితాన్ని నమ్ముతాడు కాబట్టి. పేర్ల గొడవ అందరికీ తెలిసిందే. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా లెక్కగడితే నిరపరాధి బజారున పడతాడు. పేరుతో పాటు తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, కంపెనీ డైరెక్టర్లకిచ్చే గుర్తింపు సంఖ్య, చిరునామా, వీటిలో కనీసం ఒకటి రెండు కలవనిదే ముందుకు వెళ్లకూడదు. లక్షలను కోట్లుగా, వేలల్లో ఉన్న పట్టికను రూపాయల్లో ఉన్నట్టుగా చదివిన సందర్భాలకు లెక్కలేదు. వీటికంటే సూక్ష్మమైన తప్పు ఒకటుంది: కాగితం ఏ స్థాయి నిశ్చయంతో మాట్లాడుతోందో గమనించకపోవడం.

2010 నవంబరులో టెలికాం స్పెక్ట్రం కేటాయింపుపై ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఇచ్చింది. స్పెక్ట్రం ధరను వేర్వేరు పద్ధతుల్లో లెక్కగట్టి ఖజానా కోల్పోయిన మొత్తాన్ని అంచనా వేసింది. ఆ అంచనాల్లో చిన్నది సుమారు 58 వేల కోట్ల రూపాయలు, పెద్దది సుమారు 1.76 లక్షల కోట్లు. ఆడిటర్లు దాన్ని ఊహాత్మక నష్టమని రాశారు. పత్రికల్లో, టీవీల్లో పెద్ద అంకె ఒక్కటే మిగిలింది, అంచనా అన్న మాట మాయమైంది, ఎవరో అంత డబ్బు మూటగట్టుకుపోయారన్న అర్థం స్థిరపడింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది, అంటే కేటాయింపు తీరు చట్టవిరుద్ధమని తేల్చింది. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నేరం రుజువు కాలేదంటూ నిందితులందరినీ విడిచిపెట్టింది. ఈ రెండు తీర్పులూ పరస్పర విరుద్ధమని చాలామంది అనుకున్నారు. ఒకటి విధానం గురించి, మరొకటి నేరం గురించి. కాగ్ నివేదిక మూడో సంగతి గురించి, అది ఆదాయ అంచనా. మూడు కాగితాలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిని మొదట్నుంచీ విడివిడిగా చదివి ఉంటే పాఠకుడికి ఇంత అయోమయం ఉండేది కాదు. అభియోగపత్రం పోలీసుల వాదన, పిటిషన్ ఫిర్యాదుదారుడి వాదన, అఫిడవిట్ ఆ మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాట. కోర్టు ముద్ర ఉన్నంత మాత్రాన అందులోని ప్రతి వాక్యం కోర్టు తేల్చిన నిజం కాదు.

కాబట్టి కాగితాలు చదవడం పూర్తయ్యాక మనుషుల దగ్గరికి వెళ్లక తప్పదు. ఆ ఫైలు మీద సంతకం చేసిన అధికారి, టెండరులో ఓడిపోయిన గుత్తేదారు, పొలం అమ్మిన రైతు. వీళ్లు చెప్పేది కాగితానికి అర్థం ఇస్తుంది, కొన్నిసార్లు అర్థాన్ని తలకిందులు చేస్తుంది. ఆరోపణ ఎదుర్కొనే నాయకుడికి వివరణ కోసం ప్రచురణకు ఒక గంట ముందు ఫోను చేయడం మర్యాద అనిపించుకోదు. ఏ కాగితాలు చూశామో, వాటి నుంచి ఏం గ్రహించామో రాసి పంపి, జవాబుకు తగినంత సమయం ఇవ్వాలి. న్యాయం కోసం మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. మనకు దొరకని మూడో కాగితం తరచూ ఆయన దగ్గరే ఉంటుంది. దాన్ని ప్రచురణకు ముందు చూడటం ఎవరికైనా మంచిదే.

ఇంత పద్ధతిగా, చట్టబద్ధంగా చేసే పని కూడా ప్రాణం మీదికి తెస్తుంది. స్లొవేకియాలో 2011 నుంచి ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టులను ఆన్‌లైన్‌లో పెట్టాలి, పెట్టిన తర్వాతే అవి అమల్లోకి వస్తాయి. ప్రపంచంలో ఇంత గట్టి వెల్లడి నిబంధన ఉన్న దేశాలు అరుదు. అక్కడి యువ విలేకరి యాన్ కుత్సియాక్ ఇలాంటి రిజిస్టర్లు, రాయితీల జాబితాలు, కంపెనీల రికార్డులు చదవడంలో దిట్ట. వయసు 27. ప్రధాని కార్యాలయం దాకా వెళ్లే సంబంధాలున్న ఇటాలియన్ నేరముఠాల వ్యాపారాలపై రాస్తుండగా 2018 ఫిబ్రవరిలో ఆయన్నూ, ఆయన పెళ్లాడబోతున్న మార్టినా కుష్నిరోవానూ వాళ్ల ఇంట్లోనే కాల్చి చంపారు. సగంలో ఆగిన కథనాన్ని పలు దేశాల పత్రికలు కలిసి ప్రచురించాయి. వీధుల్లోకి వచ్చిన జనం ముందు ప్రధాని రాబర్ట్ ఫిట్సో మార్చిలో రాజీనామా చేశారు. భారత్‌లోనూ 2010లో పుణె దగ్గర సతీశ్ శెట్టిని, గుజరాత్ హైకోర్టు ఎదుట అమిత్ జెత్వాను చంపారు. వాళ్లిద్దరూ సమాచార హక్కు ఉద్యమకారులు. దరఖాస్తు మీద పేరు, సంప్రదించే వివరాలు రాయక తప్పదు. కొన్ని వార్తాసంస్థలు ఒకే దరఖాస్తును పలువురి పేర్లతో, పలు ఊళ్ల నుంచి పంపడానికి కారణం అదే.

భయం కంటే నిశ్శబ్దంగా పనిచేసేది చట్ట సవరణ. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుతుంది. మూల రూపంలో దానికి షరతులు ఉండేవి. ఆ సమాచారానికి ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేనప్పుడు, లేదా అకారణంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడినప్పుడు మాత్రమే నిరాకరించవచ్చు. అప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న నియమమూ ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ షరతులన్నింటినీ తీసేసి, 'వ్యక్తిగత సమాచారం' అన్న మాట ఒక్కటే మిగిల్చింది. వ్యక్తిగత గోప్యత నిజమైన హక్కే. రోగి వివరాలో, బాధితురాలి చిరునామాయో రికార్డులో ఉన్నంత మాత్రాన ప్రచురించకూడదు. అయితే పదవిలో ఉన్న మనిషి పేరు, ఆయన సంతకం, ఆయనకు చెల్లించిన బిల్లు కూడా మాటవరసకు వ్యక్తిగతమే. రెండు కాగితాలను కలిపే దారం ఎక్కువసార్లు ఒక పేరే.

సెక్షన్ 8(2) ఇంకా ఉంది. మినహాయింపు వర్తించినా, నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే అధికారి సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. కానీ తూకం వేయాల్సింది ఇక ఆ అధికారే. ఇప్పుడు దరఖాస్తు రాసే విలేకరి వ్యక్తి పేరుతో కాకుండా పదవి పేరుతో అడగడం, ఆ కాగితంతో ప్రజలకున్న సంబంధం ఏమిటో దరఖాస్తులోనే రెండు వాక్యాల్లో రాయడం, 8(2)ను పేరుపెట్టి ప్రస్తావించడం మేలు. నిరాకరిస్తే ఆ తూకం ఎలా వేశారో కారణాలతో సహా చెప్పమని మొదటి అప్పీలులోనే అడగాలి. కారణం చెప్పకుండా సెక్షన్ నంబరు ఒక్కటే రాసిన జవాబు సమాచార కమిషన్ ముందు నిలబడటం కష్టం.